చిన్న పల్లెకు పాలనలో చోటెంత? కుల్కచర్ల తండాలు, ఇటలీ పల్లెలు: విస్తరణ దృష్టితో ఒక పరిశీలన

వ్యవసాయ విస్తరణలో తొలి మెట్టు గ్రామాన్ని ఎంచుకోవడం. ప్రదర్శనా క్షేత్రం వేయాలన్నా, మట్టి నమూనాలు సేకరించాలన్నా, రైతు సదస్సు ఏర్పాటు చేయాలన్నా ముందుగా ఒక గ్రామం పేరు కాగితం మీదికి రావాలి. అయితే గ్రామం అనే మాట వినిపించినంత సరళమైనది కాదు. వికారాబాద్ జిల్లా కుల్కచర్ల మండలంలోని ఒక తండా రైతు పరిస్థితిని ఊహించుకుంటే ఈ సంగతి తేటపడుతుంది. ఆయన ఇల్లు, ఓటు తండా పంచాయతీలో ఉంటాయి. పట్టాదారు పాసుపుస్తకంలో గ్రామం పేరు దగ్గర పాత పెద్దూరి పేరు ఉంటుంది. పంట నమోదు చేసే విస్తరణ అధికారి కూర్చునే రైతువేదిక మూడో ఊళ్లో ఉండవచ్చు. 2011 జనాభా లెక్కల గ్రామ పట్టికలో ఆ తండాకు ప్రత్యేకమైన వరుస ఉండదు. ఒకే రైతుకు ఇన్ని గ్రామాలున్నప్పుడు, పథకం ఏ గ్రామం పేరుతో వచ్చిందన్నదాన్ని బట్టి అది ఆయన గడప దాకా రావడమో, పొలిమేర దగ్గరే ఆగిపోవడమో జరుగుతుంది.

చిన్న పల్లె పాలనావ్యవస్థలో ఎక్కడ ఒదుగుతుందన్న ప్రశ్న ఒక్క తెలంగాణకే పరిమితం కాదు. శతాబ్దాలుగా కొండల మీద, లోయల్లో చెదిరి ఉన్న చిన్న పల్లెల దేశమైన ఇటలీ కూడా ఇదే ప్రశ్నకు తనదైన రీతిలో సమాధానం వెతుక్కున్నది. ఈ రెండు అనుభవాలను పక్కపక్కన పెట్టి చూడటం విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఉపయోగపడుతుంది.

కుల్కచర్ల నేపథ్యం

కుల్కచర్ల వికారాబాద్ జిల్లా దక్షిణ భాగంలోని మండల కేంద్రం. పరిగి శాసనసభ నియోజకవర్గంలో ఉన్న ఈ మండలం ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో ఉండేది. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో వికారాబాద్ జిల్లాలో చేరింది. ఒకప్పుడు ఇదే మండలంలో భాగమైన చౌడాపూర్ తరువాత వేరే మండల కేంద్రమయింది. బండవెల్కిచర్ల, పుట్టపహాడ్, ముజాహిద్‌పూర్ వంటి పెద్ద గ్రామాల చుట్టూ, గుట్టల అంచున, అనేక లంబాడా తండాలు విస్తరించి ఉన్నాయి. వర్షాధార నేలలలో కంది, మొక్కజొన్న, జొన్న, పత్తి. చెరువులు, బోర్లు ఉన్నచోట వరి ఇక్కడి పంటలు. నీరు చాలని ఏడాది తండాల నుంచి హైదరాబాద్, పుణె, ముంబై వంటి నగరాలకు పని కోసం వలస వెళ్లడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

తండా అనేది కేవలం ఇళ్ల గుంపు కాదు. నాయక్, కార్‌బారి వంటి పెద్దల ఆధ్వర్యంలో తగవులు తీర్చుకునే, తీజ్ వంటి పండుగలు కలిసి జరుపుకునే ఒక సామాజిక వ్యవస్థ అది. అంటే ప్రభుత్వం గుర్తించక ముందే అది తనను తాను పాలించుకునే ఊరు. అయినప్పటికీ దశాబ్దాల పాటు ప్రభుత్వ కాగితాలలో అది మరో గ్రామానికి శివారుగానే ఉండిపోయింది.

గ్రామం: ఒక మాట, నాలుగు హద్దులు

క్షేత్రస్థాయిలో పనిచేసేవారు ముందుగా నాలుగు రకాల హద్దులను వేరుచేసి చూడాలి.

మొదటిది రెవెన్యూ గ్రామం. ఇది భూమికి సంబంధించిన హద్దు. సర్వే నంబర్లు, పహాణీ, పాసుపుస్తకం అన్నీ దీనిపైనే ఆధారపడతాయి. జనాభా లెక్కలు కూడా గ్రామీణ ప్రాంతంలో దీన్నే ప్రమాణంగా తీసుకుంటాయి. నిజాం కాలపు సర్వేలతో స్థిరపడిన ఈ హద్దులు మనుషుల నివాసాలు మారినంత వేగంగా మారవు.

రెండవది గ్రామ పంచాయతీ. ఇది ఓటుకు, పన్నుకు, పౌర సేవలకు సంబంధించిన హద్దు. ఒక పంచాయతీలో ఒకటి కంటే ఎక్కువ ఆవాసాలు ఉండవచ్చు. ఒక రెవెన్యూ గ్రామంలో ఒకటి కంటే ఎక్కువ పంచాయతీలు కూడా ఉండవచ్చు.

మూడవది ఆవాసం. మధిర, శివారు పల్లె, తండా, గూడెం అనే పేర్లతో పిలిచే ఈ జనావాసమే ప్రజలు మా ఊరు అని చెప్పుకునేది. తాగునీటి పథకాలు, రోడ్ల పథకాలు దీన్ని లెక్కలోకి తీసుకుంటాయి; భూమి రికార్డులు తీసుకోవు.

నాలుగవది విస్తరణ క్లస్టర్. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి చొప్పున క్లస్టర్లను ఏర్పరచి, ఒక్కో క్లస్టర్‌కు ఒక రైతువేదిక నిర్మించారు. రాష్ట్రంలో ఇటువంటి వేదికలు 2,601. వీటిలో మొదటిది 2020 అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో ప్రారంభమయింది. ఈ హద్దుకు కొలమానం సాగు విస్తీర్ణం. అందువల్ల ఒక క్లస్టర్‌లో పెద్దూళ్లు, తండాలు కలగలిసి ఉంటాయి.

ఈ నాలుగు హద్దులు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవు. చిన్న పల్లె విషయంలో ఈ తేడా మరింత పెద్దది. పెద్దూరు తన రెవెన్యూ గ్రామానికి, పంచాయతీకి, చాలాసార్లు క్లస్టర్‌కు కూడా తన పేరే ఇస్తుంది. తండా పేరు ఆవాసంగా మాత్రమే మిగిలిపోతుంది.

శివారు నుంచి పంచాయతీ దాకా

బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో చేసిన సిఫారసుల తరువాత, 1959 అక్టోబర్‌లో రాజస్థాన్‌లోని నాగౌర్‌తో పాటు నాటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థకు అంకురార్పణ జరిగింది. సమితుల స్థానంలో 1980 దశకం మధ్యలో మండలాలు వచ్చాయి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చి, మూడంచెల వ్యవస్థకు రాజ్యాంగ బలం చేకూర్చింది. ఈ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. వాటిలో మొట్టమొదటిది వ్యవసాయం. వ్యవసాయ విస్తరణ కూడా దానిలో భాగమని అక్కడే స్పష్టంగా రాసి ఉంది. భూమి అభివృద్ధి, నేల సంరక్షణ రెండవ అంశం; చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి మూడవ అంశం. అయితే వీటిని పంచాయతీలకు ఎంత మేరకు బదలాయించాలన్నది రాష్ట్ర శాసనసభల నిర్ణయానికే వదిలేశారు. విస్తరణ సేవ నేటికీ ప్రధానంగా వ్యవసాయ శాఖ చేతిలోనే ఉండటానికి కారణం ఇదే.

హద్దుల విషయంలో తండాలకు మరో పరిమితి కూడా ఉంది. 1996 నాటి పెసా చట్టం ఒక ఆవాసాన్ని గానీ, కొన్ని ఆవాసాల సమూహాన్ని గానీ గ్రామంగా గుర్తించి, దానికి గ్రామసభ హక్కు కల్పించింది. కానీ ఆ చట్టం ఐదవ షెడ్యూలు ప్రాంతాలకే వర్తిస్తుంది. వికారాబాద్ జిల్లా ఆ పరిధిలో లేదు. కాబట్టి కుల్కచర్ల తండాలకు గిరిజన జనాభా ఉన్నా ఆ చట్టం ఇచ్చే ఆవాస స్థాయి గ్రామసభ దక్కలేదు.

ఈ పరిస్థితిని మార్చింది తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018. సుమారు 500 జనాభా దాటిన తండాలను, గూడేలను ప్రత్యేక పంచాయతీలుగా చేయాలన్న విధానంతో 2018 ఆగస్టు 2 నుంచి కొత్త పంచాయతీలు ఉనికిలోకి వచ్చాయి. 8,700 లోపు ఉన్న రాష్ట్ర పంచాయతీల సంఖ్య 12,700 దాటింది. నూటికి నూరు శాతం గిరిజన జనాభా ఉన్న పంచాయతీలలో సర్పంచ్, వార్డు స్థానాలన్నీ గిరిజనులకే కేటాయించారు. 2019 జనవరిలో మూడు విడతలుగా జరిగిన ఎన్నికల నాటికి షెడ్యూల్డ్ ప్రాంతాల వెలుపల ఇటువంటి పంచాయతీలు 1,177. కుల్కచర్ల మండలంలోనూ అనేక తండాలు ఆ ఎన్నికలలో తమ తొలి సర్పంచులను ఎన్నుకున్నాయి.

పంచాయతీ అయితే వచ్చిందేమిటి?

మొదటిగా వచ్చింది గ్రామసభ. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి. పెద్దూరి రచ్చబండ దగ్గర జరిగే సభలో తండావాసి చివరి వరుసలో నిలబడి వినేవాడు. సొంత పంచాయతీలో ఆ సభ తండాలోనే, ఆయనకు అర్థమయ్యే గోర్ బోలీలోనే జరిగే అవకాశం ఏర్పడింది. ఉపాధి హామీ పనులను గుర్తించడం, వలస వెళ్లినవారి ఇళ్లను లెక్కించడం, పింఛన్ల జాబితా చదివి వినిపించడం వంటివి ఊళ్లోనే జరగడం చిన్న మార్పు కాదు.

రెండవది కార్యదర్శి. అంతకు ముందు ఒకే కార్యదర్శి పలు పంచాయతీలు చూసేవారు. కొత్త చట్టం తరువాత 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు నియామకాలు చేపట్టారు. మూడవది వసతులు. 2019 సెప్టెంబర్‌లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంతో పంచాయతీలకు ట్రాక్టరు, ట్యాంకరు, నర్సరీ, చెత్త నుంచి ఎరువు చేసే షెడ్డు, వైకుంఠధామం సమకూరాయి. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కలలో 85 శాతం బతికించాలని చట్టమే నిర్దేశించింది. సేంద్రియ ఎరువు తయారీ, గట్లపై చెట్ల పెంపకం వంటి అంశాలలో విస్తరణ శాస్త్రవేత్తకు పంచాయతీ ఇక్కడ సహజమైన భాగస్వామి.

రానివి

రాని వాటిలో మొదటిది భూమి హద్దు. చాలాచోట్ల పంచాయతీ వేరయినా రెవెన్యూ గ్రామం వేరు కాలేదు. తండా రైతుల పొలాలు రెండు మూడు రెవెన్యూ గ్రామాల సర్వే నంబర్లలో చెదిరి ఉంటాయి. పంట నష్టం జాబితాను రెవెన్యూ గ్రామం వారీగా తయారుచేస్తే, తండాకు జరిగిన నష్టం ఎంతో విడిగా కనిపించదు. పెద్దూరి నల్లరేగడిలోని కంది, తండా గుట్టవాలు ఎర్రనేలలోని కంది ఒకే సగటులో కలిసిపోతాయి. ఎర్రనేలలో బెట్టకు పంట ముందుగా దెబ్బతింటుంది. ఆ సంగతి సగటులో దాగిపోతుంది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేసిన తరువాత కొన్నేళ్లపాటు భూమి, మనిషి రెండూ తెలిసిన గ్రామస్థాయి ఉద్యోగి కూడా లేకపోయారు. 2025లో గ్రామ పాలన అధికారుల నియామకంతో ఆ ఖాళీ కొంత పూడుతున్నది.

రెండవది నిధుల సత్తువ. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ప్రధానంగా జనాభా ప్రాతిపదికన వస్తాయి. 15వ ఆర్థిక సంఘం నిధులలో 60 శాతాన్ని పారిశుద్ధ్యం, తాగునీటికే ఖర్చు చేయాలి. 40 శాతం మాత్రమే స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు. ఉదాహరణకు 700 జనాభా గల తండాకు వచ్చే మొత్తం 3,500 జనాభా గల గ్రామానికి వచ్చేదానిలో ఐదో వంతు. కానీ ట్రాక్టరు డీజిలు, వీధి దీపాల కరెంటు బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల వేతనం ఐదో వంతుకు తగ్గవు. పన్ను వేయదగిన దుకాణాలు, సంత, పెద్ద భవనాలు పాత పంచాయతీలోనే మిగిలిపోయాయి. ఖర్చులు పోగా సాగు అవసరాలకు మిగిలేది స్వల్పం.

మూడవది కొనసాగింపు. 2019లో ఎన్నికైన పాలకవర్గాల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. తిరిగి ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. ఈ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారుల పాలనే. సొంత ఆదాయం ఉన్న పెద్ద పంచాయతీ ఇటువంటి విరామాన్ని ఎలాగో నెట్టుకొస్తుంది. పూర్తిగా గ్రాంట్లపై ఆధారపడిన తండా పంచాయతీకి ఆ శక్తి లేదు.

ఇటలీ: పల్లె, పురపాలన

ఇటలీలో అట్టడుగు పాలనా విభాగం కొమూనె. మన పంచాయతీకి, పురపాలక సంఘానికి తేడా ఉన్నట్టు అక్కడ ఉండదు. రోమ్ మహానగరమూ కొమూనెయే. ఉత్తరాన లొంబార్డీలో దాదాపు 30 మంది మాత్రమే నివసించే మొర్తెరోనె కూడా కొమూనెయే. దేశంలో సుమారు 7,900 కొమూనెలు ఉండగా, వాటిలో దాదాపు 70 శాతం 5,000 లోపు జనాభా గలవి. ఆపైన ప్రొవించాలు, వాటిపైన 20 ప్రాంతీయ ప్రభుత్వాలు ఉంటాయి. వ్యవసాయం, విస్తరణ సేవలు ప్రధానంగా ఈ ప్రాంతీయ ప్రభుత్వాల బాధ్యత. 1993 నుంచి కొమూనె మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు.

మన శివారు పల్లెకు సమానమైన మాట అక్కడ ఫ్రాత్సియోనె. అంటే ఒక భాగం, ఒక ముక్క అని అర్థం. దానికి బోర్డు మీద పేరుంటుంది, గుడి ఉంటుంది, తరతరాల చరిత్ర ఉంటుంది; సొంత మేయరు, బడ్జెట్ ఉండవు. కొత్త కొమూనె ఏర్పడాలంటే సంబంధిత ప్రజల అభిప్రాయం విన్న తరువాత ప్రాంతీయ శాసనసభ చట్టం చేయాలని రాజ్యాంగం 133వ అధికరణం చెబుతుంది. ఫాసిస్టు పాలనలో, 1920 దశకం చివర, చిన్న కొమూనెలను పెద్దఎత్తున విలీనం చేశారు. వాటిలో చాలా పల్లెలు యుద్ధానంతరం తమ హోదాను తిరిగి సాధించుకున్నాయి. హోదా పోగొట్టుకున్న ఊరు దాన్ని మరచిపోదన్నదానికి ఇది చారిత్రక నిదర్శనం.

అయితే ఫ్రాత్సియోనెకు ఒక బలమైన ఆధారం మిగిలింది. అది ఉమ్మడి భూమి. పచ్చిక బయళ్లు, అడవులపై ఊరివారికున్న అనాది హక్కులను 1927 నాటి చట్టం క్రమబద్ధం చేసి, ఫ్రాత్సియోనెకు చెందిన ఉమ్మడి భూములకు ప్రత్యేక నిర్వహణ కమిటీకి వీలు కల్పించింది. 2017లో వచ్చిన 168వ నంబరు చట్టం సామూహిక ఆస్తులను మరింత స్పష్టంగా గుర్తించింది. పరిపాలనలో ముక్కగా మిగిలిన ఊరు, భూమి విషయంలో మాత్రం యజమాని కాగలుగుతుంది.

దీనికి ప్రసిద్ధ ఉదాహరణ ఉంబ్రియా ప్రాంతంలో నోర్చా కొమూనెకు చెందిన కస్తెల్లుచ్చో. సముద్ర మట్టానికి సుమారు 1,450 మీటర్ల ఎత్తున ఉన్న ఈ చిన్న ఫ్రాత్సియోనె పేరుతోనే అక్కడి చిరు మసూర్ పప్పుకు 1997లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు లభించింది. 2016 అక్టోబర్ 30 నాటి భూకంపంలో ఊరు నేలమట్టమయింది, దారులు మూతపడ్డాయి. అయినా 2017 వసంతంలో రైతులు ట్రాక్టర్లను వరుసగా కొండపైకి తీసుకువెళ్లి పప్పు విత్తారు. ఇళ్లు కూలినా ఊరి పేరు పంటలో నిలిచింది.

కంది పండించే తాండూరు ప్రాంతానికి ఈ ఉదాహరణ దగ్గరిది. యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ దరఖాస్తుతో, వ్యవసాయ విశ్వవిద్యాలయ సాంకేతిక సహకారంతో, తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఏ పంచాయతీకో దక్కినది కాదు. నేలకు, పంటకు, రైతుల సమష్టికి దక్కినది. పంచాయతీ హద్దుకు అతీతంగా చిన్న పల్లె రైతు నిలబడగలిగే చోటు ఇటువంటి సమష్టి సంస్థలే.

కలిసి పనిచేయడం, విడిగా మాట్లాడటం

చిన్న కొమూనెల ఇబ్బందులు మన తండా పంచాయతీల ఇబ్బందుల వంటివే: తక్కువ ఆదాయం, సిబ్బంది కొరత, వలస. దానికి ఇటలీ ఎంచుకున్న దారి సంఘటితం కావడం. పొరుగు కొమూనెలు తమ ఉనికిని వదులుకోకుండానే ఒక సమాఖ్యగా ఏర్పడి రహదారులు, చెత్త సేకరణ, పోలీసు, ప్రణాళిక వంటి పనులను ఉమ్మడిగా నిర్వహించుకోవచ్చు. 2014 నాటి 56వ నంబరు చట్టం ఈ సమాఖ్యలను ప్రోత్సహించింది. కొమూనె కార్యదర్శిని రెండు మూడు కొమూనెలు కలిసి పంచుకోవడం సాధారణం. గ్రామీణాభివృద్ధి కోసం 1991 నుంచి ఐరోపా సమాఖ్య అమలు చేస్తున్న లీడర్ కార్యక్రమం కింద రైతులు, సహకార సంఘాలు, కొమూనెలు కలిసి స్థానిక కార్యాచరణ బృందాలుగా పనిచేస్తాయి.

మన దేశంలోనే కేరళ మరో మార్గం చూపింది. అక్కడ 941 పెద్ద పంచాయతీలు మాత్రమే ఉన్నాయి. 1987 నుంచి పంచాయతీకి ఒక కృషి భవన్ చొప్పున ఏర్పాటయింది. అందువల్ల పంచాయతీ హద్దు, విస్తరణ హద్దు దాదాపు ఒక్కటయ్యాయి. తెలంగాణ చిన్న పంచాయతీలను ఎంచుకుంది కాబట్టి గొంతు దగ్గరయింది. సేవ మాత్రం క్లస్టర్‌లోనే ఉండిపోయింది. రెండింటినీ ఒకే హద్దులో ఇమిడ్చడం సాధ్యం కాకపోవచ్చు. కానీ రెండింటి మధ్య దారి వేయడం సాధ్యమే.

విస్తరణ సిబ్బందికి, విద్యార్థులకు సూచనలు

1. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు గీసే గ్రామ పటంలో రెవెన్యూ గ్రామం, పంచాయతీ, ఆవాసం, క్లస్టర్ హద్దులను నాలుగు రంగులలో వేరుగా చూపాలి. ఏ తండా రైతుల పొలాలు ఏ రెవెన్యూ గ్రామంలో ఉన్నాయో పట్టిక జతచేయాలి.

2. రైతుల జాబితాలో సర్వే నంబరుతో పాటు ఆవాసం పేరును తప్పనిసరిగా నమోదు చేయాలి. ఈ ఒక్క గడి ఉంటే మట్టి పరీక్షలు, విత్తన పంపిణీ, పంట నష్టం వివరాలను తండా వారీగా విడదీసి చూడవచ్చు.

3. మట్టి నమూనాలను, ప్రదర్శనా క్షేత్రాలను పెద్దూరి రోడ్డు పక్క పొలాలకే పరిమితం చేయరాదు. గుట్టవాలు ఎర్రనేలలకు కనీసం ఒకటి కేటాయించాలి. ఒకే కంది రకం రెండు నేలలలో ఎలా ప్రవర్తిస్తుందో రైతులే పోల్చి చూడగలుగుతారు.

4. రైతువేదికలో జరిగే సమావేశాలకు తోడుగా, తండా గ్రామసభ జరిగే రోజున అరగంట సాగు చర్చకు సర్పంచ్, కార్యదర్శితో మాట్లాడి సమయం తీసుకోవాలి. వలస వెళ్లినవారు తిరిగివచ్చే పండుగ రోజులకు ముందు వెనుకలు చూసుకుంటే హాజరు పెరుగుతుంది.

5. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారయ్యే సమయానికే ఫారం పాండ్లు, కందకాలు, గట్టు చెట్లు, ఎరువు షెడ్డు వినియోగం వంటి ప్రతిపాదనలను రాతపూర్వకంగా అందించాలి. ప్రణాళికలో చేరని పనికి తరువాత నిధులు రావడం కష్టం.

6. ఒకే వాగు పరీవాహకంలోని రెండు మూడు చిన్న పంచాయతీలు నీటి సంరక్షణ పనులను కలిసి రూపొందించుకునేలా మండల పరిషత్తు స్థాయిలో చొరవ చూపాలి. పై తండాలో కందకం తవ్వితే కింది ఊరి బావిలో నీరు పెరుగుతుంది. కాబట్టి ఖర్చులో, కష్టంలో కింది ఊరికీ వాటా ఉండాలి.

ముగింపు

పాలనలో గుర్తింపు వేరు, సామర్థ్యం వేరు. 2018 చట్టం తండాకు గుర్తింపునిచ్చింది; సామర్థ్యం ఇంకా కూడవలసి ఉంది. ఇటలీ ఫ్రాత్సియోనెకు పాలనా హోదా లేకున్నా ఉమ్మడి భూమి, పంట పేరు దానిని నిలబెట్టాయి. అక్కడి చిన్న కొమూనెలకు హోదా ఉన్నా పొరుగువారితో కలిస్తేనే పని సాగుతున్నది. కుల్కచర్ల తండాలకు ఈ రెండూ అవసరమే. సభలో మాట్లాడటానికి చిన్న పంచాయతీ కావాలి; నీరు, నేల, మార్కెట్ వంటి పనులకు పెద్ద చేయి కావాలి. 2025 డిసెంబర్ ఎన్నికలతో కొత్త పాలకవర్గాలు వచ్చిన ఈ తరుణంలో తొలి ప్రణాళికలలోనే సాగు పనులకు చోటు దొరకకపోతే, రానున్న ఐదేళ్లూ తండా పంచాయతీ వీధి దీపాలకు, చెత్త ట్రాక్టరుకు పరిమితమయ్యే ప్రమాదముంది. రాజ్యాంగం పంచాయతీల పనుల జాబితాలో మొదటి వరుసలో రాసిన వ్యవసాయ విస్తరణను తండా దాకా చేర్చడంలో తొలి అడుగు, రైతు పేరు పక్కన ఆయన ఊరి పేరును సరిగా రాయడమే.